పరాయి యంత్రములో ఉద్దానపు గుట్టు

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు అనగానే కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు కన్నులకు కట్టును. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. ఆ తోటల నీడలోనే మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి కాపురమున్నది. దాని కారణమిదియేయని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి.

ఇట్టి వ్యాధిలో ఒక్కొక్క రోగికి ఏండ్ల పర్యంతము లెక్కలుండును. క్రియాటినిన్ ఎంత? డయాలిసిస్ వారమునకెన్ని మారులు? పరిశోధకునకది ధనము, ఇంటివారికది గుట్టు. పిల్ల పెండ్లి మాటలు జరుగుచుండగా ఆ అంకె వియ్యాలవారి చెవిని పడరాదని తల్లి కోరుకొన్నచో తప్పేమున్నది?

ఆ లెక్కలను ఆసుపత్రి కంప్యూటరులోనే ఉంచరాదా అందురేమో. 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఆ పిమ్మట చీకటిలో గడపినవారు ఆ మాట అనరు. దూరనగరపు యంత్రశాలలో కొంత భాగమును అద్దెకు గొనుట ఒక ఉపాయము. కాని ఆ యజమాని పరాయివాడు. అందుకే 2021లో ఏఎండీ, 2023లో ఇంటెల్ సంస్థలు తెచ్చిన ప్రాసెసర్లలో ఒక ఏర్పాటు కలదు. మన మెమరీలోని వ్రాతను ప్రాసెసరే గూఢలిపిగా మార్చును. తాళపుచెవి యజమానికి దక్కదు. దీనినే కాన్ఫిడెన్షియల్ కంప్యూటింగ్ అందురు.

చిక్కెక్కడనగా, రద్దీవేళ మెమరీ చాలదు. యంత్రమును ఆపకుండ మరికొంత చేర్చవలెను, అదే హాట్‌ప్లగ్. పలాస జీడిపప్పు వర్తకుడు పంటకాలమున మరియొక గొడౌను అద్దెకు గొన్నాడనుకొనుడు. గుమాస్తా లోపల చూచి, తన తాళము వేసి, పుస్తకమున వ్రాసికొనిన తరువాతనే బస్తాలు దింపించును. ఇచ్చట గుమాస్తా కెర్నెల్, అనగా యంత్రమును నడపు మూల ప్రోగ్రాము. మెమరీలోని ప్రతి పేజీని అది తానే స్వీకరించవలెను. స్వీకరింపని పేజీని ముట్టినచో ప్రాసెసరు పనిని ఆపివేయును.

ఇక పుస్తకము సంగతి. 2023లో వెలువడిన లైనక్స్ 6.5లో స్వీకరింపని మెమరీకి ఒక పట్టీ ఏర్పడినది. 2 మెగాబైట్లకు ఒక గుర్తు. అయితే దానిని యంత్రము మేల్కొనునపుడే, అప్పటికున్న మెమరీని బట్టి కొలిచి కట్టుదురు. తరువాత చేరిన జాగాకు అందులో గడి లేదు. పట్టీని ముందే పెద్దదిగా కట్టవచ్చును. లేదా చేరిన జాగానంతయు వెంటనే స్వీకరింపవచ్చును. రెండవదానికి కొంత కాలవ్యయమగును. అయినను నాకదియే నచ్చును, పొరపాటునకు తావు తక్కువ గనుక.

స్వీకరించుటలో అతివినయము కూడ ప్రమాదమే. యజమాని మన పేజీని దొంగతనముగా తీసి, అదే చిరునామాలో వేరొక పేజీని పెట్టెననుకొనుడు. ప్రాసెసరు హెచ్చరించును. అప్పుడు కెర్నెల్ “కొత్త జాగా కాబోలు” నని మరల స్వీకరించినచో, ఒకే చిరునామాకు చెల్లుబాటగు పేజీలు రెండగును. యజమాని వాటిని చదువలేడు. కాని తారుమారు చేయగలడు. నిన్నటి క్రియాటినిన్ అంకె నేటిదిగా వైద్యుని ముందు నిలుచును. గుట్టు దక్కినను ప్రాణము దక్కవలెను గదా! కనుక పుస్తకమున ఒకమారు ఎక్కిన పేజీని రెండవమారు అడిగినచో, కెర్నెల్ దానిని మోసముగా ఎంచి ఆగిపోవలెను.

రద్దీ తగ్గిన పిదప జాగాను తిరిగి అప్పగించునపుడును ఇదే జాగ్రత్త. అందున్న పేజీలను ఖాళీచేసి, స్వీకారమును రద్దుపరచి, పుస్తకమున కొట్టివేసి, అటుపిమ్మటనే యజమానికి చెప్పవలెను. రద్దుచేయక వదలిన పేజీ యజమానివద్ద చెల్లుబాటుగనే మిగిలియుండును. రేపు అదే చిరునామాలో క్రొత్త జాగా వచ్చినపుడు, ఆ పాత పేజీని మధ్యలో దూర్చుటకు అతనికి వీలు కలుగును.