ఎడారి ఎండలో మొహమాటం వద్దు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనవల బడులకు సెలవులు వేసవిలోనే కనుక మన ప్రయాణాలూ జూన్, జూలైలలోనే పడతాయి. కాలిఫోర్నియా వెళ్ళినవారిని పిల్లలు లాస్ వేగాస్‌కు, అక్కడినుంచి డెత్ వ్యాలీ అనే ఎడారి లోయకు కారులో తీసుకువెళ్తుంటారు. నేను వెళ్ళివచ్చాను కనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

ఉప్పల్ రింగ్ రోడ్డులో మే నెల మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డవాళ్ళం, మనకు ఎండ కొత్తా అనుకుంటాం. అక్కడి ఎండ వేరు. ఆ లోయలోని ఫర్నేస్ క్రీక్‌లో 1913 జూలై 10న 56.7 డిగ్రీల సెంటిగ్రేడ్ నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన రికార్డు అదే. 2021 జూలైలో కూడా 54.4 దాకా వెళ్ళింది. లోయ అడుగున బ్యాడ్‌వాటర్ అనే ఉప్పునేల సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉంది. చుట్టూ ఎత్తయిన కొండలు. వేడిగాలి బయటికి పోలేక అక్కడే తిరుగుతుంది.

ఈ అంకెలకన్నా మనం తెలుసుకోవలసింది చెమట సంగతి. ఇక్కడ చొక్కా తడుస్తుంది, నీళ్ళు తాగాలని గుర్తొస్తుంది. అక్కడ గాలిలో తేమ లేదు. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉన్నా నీరు పోతూనే ఉంటుంది. వయసు మీదపడ్డాక దాహం కూడా సరిగా తెలియదు. బి.పి.కి ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారికి మరింత ప్రమాదం.

మా ప్రయాణంలో మా ఇంటావిడ నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని కూడా గొంతు తడుపుకుని ఊరుకునేది. కోడలు గమనించి అడిగితే, "తాగితే ఊరికే కారు ఆపమనాలి కదమ్మా, అబ్బాయికి ఇబ్బంది" అంది. అప్పటికే తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలయ్యాయి. "పదిసార్లయినా ఆపుదాం అత్తయ్యా, మీరు తాగకపోతేనే మాకు ఇబ్బంది" అని కోడలు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. చల్లని గదిలో పడుకోబెడితే సాయంత్రానికి తేరుకుంది.

అందరికీ అలా తేలిపోదు. 1996 జూలైలో జర్మనీనుంచి వచ్చిన ఒక కుటుంబం, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఆ ప్రాంతంలో దారి తప్పారు. టైర్లు పోయిన వారి వ్యాను అక్టోబరులో దొరికింది. పెద్దల అవశేషాలు 2009లోగాని దొరకలేదు, అదీ వ్యానుకు మైళ్ళ దూరంలో.

కనుక కొన్ని జాగ్రత్తలు. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్ళు ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులవల్ల నీళ్ళు తగ్గించమన్నవారు ముందే డాక్టరును అడిగి వెళ్ళండి. మీరు వాడే మందులేమిటో పిల్లలకు చెప్పండి. ఇన్సులిన్ ఆపిన కారులో వదలవద్దు. ఉదయం పది దాటాక నడకలు వద్దు. చాలాచోట్ల ఫోను పనిచేయదు కనుక తారురోడ్డు విడవనీయకండి. కారు చెడిపోతే దాన్ని వదిలి పోవద్దు. వెతికేవారికి మనిషికన్నా కారే ముందు కనబడుతుంది.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సెలవు అడగడానికి మొహమాటపడ్డాం. కన్నపిల్లలను కారు ఆపమనడానికి మొహమాటం దేనికి? పిల్లలూ, అమ్మానాన్నా అడగకముందే మీరే ఆపండి.