వాదము, జల్పము, వితండ: డార్విన్‌తో ఏసా గ్రే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయపు బీరువాలో భాగవతమును, జీవశాస్త్ర గ్రంథమును ఒకదాని ప్రక్క నొకటి తగవులేక నిలిచియుండును. తగవంతయు వానిని చదివినవారు బయటికి వచ్చి అరుగుమీద కూర్చుండిన పిమ్మట మొదలగును. ప్రాణులన్నియు నేటి రూపములతోనే వేరువేరుగ సృష్టింపబడినవా, లేక పూర్వరూపముల నుండి కోట్ల యేండ్లలో మార్పుచెంది వచ్చినవా యను ప్రశ్న అట్టి తగవులలో నొకటి. శాస్త్రజ్ఞులలో ఆ ప్రశ్న తీరి చాలకాలమైనది. రాళ్లలోని అవశేషములు, అవయవముల కట్టడి, ఇటీవల కణములలోని జన్యుపదార్థము, అన్నియు పరిణామమునకే సాక్ష్యము పలుకుచున్నవి. తీరనిది మరియొకటి కలదు. విశ్వాసములు వేరైన ఇరువురు ఎదురెదురుగ కూర్చుండి ఈ విషయమును ఎట్లు మాటలాడుకొనవలెను?

న్యాయదర్శనమున గౌతముడు ఇట్టి సంభాషణములను మూడు తెగలుగ విభజించెను. తత్త్వము తెలియగోరి ప్రమాణములతోను తర్కముతోను చేయునది వాదము. గెలుపే కోరి, ఛలమునకును వెనుదీయక చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము నిలుపక, ఎదుటివాని మాటను పడగొట్టుటయే పనిగ పెట్టుకొన్నది వితండ. ఛలమునకు భాష్యకారుడైన వాత్స్యాయనుడు చూపిన ఉదాహరణము ప్రసిద్ధమే. క్రొత్త కంబళి కప్పుకొన్నవానిని ఒకడు 'నవకంబళుడు' అనగా, వేరొకడు 'తొమ్మిది కంబళ్లెక్కడ? ఒక్కటే కనబడుచున్నదే' అని అడ్డుతగిలెనట. రచ్చబండలమీద నేటికిని ఇట్టి కంబళ్లు కొల్లలుగ దొరకును.

డార్విన్ రచించిన 'జాతుల ఉత్పత్తి' 1859 నవంబరు 24న లండనులో వెలువడెను. ఏడు నెలలు గడచి, 1860 జూన్ 30న ఆక్స్‌ఫర్డులో బ్రిటిష్ అసోసియేషన్ సభ జరిగెను. డార్విన్ అస్వస్థుడై రాలేదు. బిషప్ విల్బర్‌ఫోర్స్ ఆ గ్రంథమును ఖండించుచు, కోతితో చుట్టరికము తాతవైపునుండియా అవ్వవైపునుండియా అని హక్స్లీని ఎగతాళి చేసెననియు, గంభీరమైన విచారణలో పరిహాసము తెచ్చిపెట్టు మేధావికంటె కోతి తాతయగుటయే మేలని హక్స్లీ బదులు పలికెననియు ప్రతీతి. మాటకు మాటగ వ్రాసియుంచినవారు లేరు. తరువాతి లేఖలలో కథ తలకొక తీరున ఉన్నది. గెలిచినది తామేయని ఇరుపక్షములవారును ఇండ్లకు పోయిరి. విచిత్రమేమనగా, అదే బిషప్ ఆ గ్రంథముపై వ్రాసి అచ్చొత్తించిన విమర్శ ఇంతకంటె ఎంతో మెరుగైనది. తన గ్రంథములో ఊహపై ఆధారపడిన తావులన్నిటిని అది నేర్పుతో ఏరి పట్టుకొన్నదని డార్విన్ స్వయముగ మిత్రునికి వ్రాసెను. కలము పట్టినపుడు వాదియైనవాడు వేదిక యెక్కి జల్పకుడాయెను!

అరువదియైదేండ్లకు అమెరికాలో ఇంతకంటె పెద్ద జాతర జరిగెను. మానవుడు క్రిందితరగతి జంతువులనుండి పుట్టెనని ప్రభుత్వ పాఠశాలలలో బోధించుట నేరమని 1925 మార్చిలో టెనెసీ రాష్ట్రము బట్లర్ చట్టము చేసెను. ఆ చట్టమును న్యాయస్థానమున పరీక్షింపగోరువారి ప్రకటన చూచి, డేటన్ పట్టణపు పెద్దలు కొందరు, ఊరికి పేరు వచ్చునను ఆశతో, జాన్ స్కోప్స్ అను 24 ఏండ్ల ఉపాధ్యాయుని ఒప్పించి అతనిపై నేరము మోపించిరి. అభియోగ పక్షమున బ్రయన్ నిలిచెను. ఇతడు మూడుమార్లు అధ్యక్షపదవికి పోటీచేసినవాడు. ఉపాధ్యాయుని పక్షమున డారో నిలిచెను. ఇతడు పేరుమోసిన న్యాయవాది. జూలై 20న ఆరుబయట పచ్చికమీద, జూరీ లేని వేళ, డారో బ్రయన్‌ను సాక్షిగ నిలిపి ప్రశ్నించెను. యోనాను మ్రింగిన చేప యేది, యెహోషువకొరకు సూర్యుడెట్లు నిలిచెను, కయీనుకు భార్య యెక్కడిది అని ప్రశ్నలపై ప్రశ్నలు గ్రుచ్చెను. సృష్టిదినములు ఇరువదినాలుగు గంటల దినములే కానక్కరలేదని బ్రయన్ ఒప్పుకొనెను. జనము నవ్విరి, చప్పట్లు చరచిరి. మరునాడు న్యాయాధిపతి ఆ సాక్ష్యమంతయు కొట్టివేసెను. జూరీ తొమ్మిది నిమిషములలో తీర్పు చెప్పెను. జరిమానా 100 డాలర్లు. అయిదు దినములకు బ్రయన్ మరణించెను. జరిమానాను జూరీకి బదులు న్యాయాధిపతి విధించుట చెల్లదని 1927లో పై న్యాయస్థానము ఆ తీర్పును రద్దుచేసెను. చట్టము మాత్రము 1967 వరకు కదలలేదు.

ఆ పచ్చికమీద అడుగవలసిన ప్రశ్న ఒకటి అడుగువారు లేక మిగిలిపోయెను. బ్రయన్‌ను పీడించినది చేప కాదు. బలవంతుడు దుర్బలుని త్రొక్కుట ప్రకృతిధర్మమని పిల్లలు నేర్చుకొందురేమో, మహాయుద్ధమునకు బీజము ఇట్టి బోధయేనేమో యని అతని భయము. అది పూర్తిగ నిరాధారమును కాదు. స్కోప్స్ పాఠముచెప్పిన పుస్తకములోనే, లోకమునకు భారమని తలచబడిన కుటుంబములు పెరుగకుండ అరికట్టవలెనను మాటలు ఉండెను. పరిణామము సత్యమైనంతమాత్రమున ఆ మాటలు ధర్మము కానేరవని విడదీసి చూపినచో, బ్రయన్ కొంతయైన వినియుండెడివాడేమో! అట్టి మాటలను డారో సైతము సహింపలేదు. మరుసటి యేడే వానిని దుయ్యబట్టుచు వ్యాసము వ్రాసెను. ఒక్కచోట ఏకాభిప్రాయము గల ఇరువురు ఆ సంగతి ఎరుగకయే విడిపోయిరి. తాము పట్టిన కుందేటికి మూడేకాళ్లను పట్టుదల చేసిన పని ఇది.

వాదమనదగినది వేరొకచోట, చప్పట్లు వినబడనిచోట, ఉత్తరములలో జరిగెను. ఏసా గ్రే హార్వర్డు విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడు, నిష్ఠగల క్రైస్తవుడు. ఇంకను అచ్చుకాని తన సిద్ధాంతపు సారమును డార్విన్ 1857 సెప్టెంబరులో ఇతనికి వ్రాసి పంపెను. సృష్టికర్తను నమ్మినవాడని దాచలేదు. నిశితముగ పరీక్షించునని కోరియే పంపెను.

గ్రే పరీక్షించెను. జపానునుండి తెచ్చి ఎండబెట్టిన మొక్కలను అతడు కాగితములపై సరిచూడగా, వానిలో అనేకములకు దగ్గరి చుట్టములు అమెరికా తూర్పుభాగమున కనబడెను. నడుమనున్న పడమటి అమెరికాలో అవి అరుదు. అదే విశ్వవిద్యాలయమునందలి అగాసీ మహాశయుడు, ఏ జాతి ఎక్కడ నున్నదో అక్కడనే సృష్టింపబడెనని బోధించుచుండెను. ఒకే మూలజాతి పూర్వము ఉత్తరభూములంతట వ్యాపించి, హిమయుగమున విడిపోయెనని 1859లో విద్వత్సభలలో గ్రే అతనికి ఎదురుచెప్పెను. నమ్మినవానికి నమ్మినవాడే ఎదురు నిలిచెనన్నది గమనింపదగినది. అగాసీ 1873లో మరణించువరకు తన మాట విడువలేదు.

డార్విన్ గ్రంథము వెలువడగనే అమెరికాలో దానిని అచ్చువేయించుటకు గ్రే పూనుకొనెను. ప్రకృతివరణము దైవవిశ్వాసమునకు విరుద్ధము కాదని 1860లో పత్రికలలో వ్యాసములు వ్రాసెను. ఆ అభిప్రాయము డార్విన్‌ది కాదు. అయినను ఆ వ్యాసములు 1861లో చిన్నపుస్తకముగ వచ్చినపుడు, డార్విన్ వానిని తెలిసినవారికి పంచిపెట్టెను. తన పక్షము కాని పుస్తకమును తన చేతితో పంచుట ఎందరికి సాధ్యము?

మనసులోని చిక్కును డార్విన్ దాచుకొనలేదు. 1860 మేలో వ్రాసిన ఉత్తరమున, బ్రతికియున్న గొంగళిపురుగు కడుపులో పెరిగి దానిని తినివేయు ఒక జాతి కీటకమును పేర్కొని, కరుణామయుడు బుద్ధిపూర్వకముగ దీనిని సృష్టించెనని నమ్మజాలనని వ్రాసెను. వెంటనే, జగమంతయు గ్రుడ్డి బలపు పనియని తృప్తిపడుటయు తనచేత కాదనెను. ఇది జల్పకుడు వ్రాయు ఉత్తరము కాదు. తన బలహీనస్థానమును ఎదుటివానికి వ్రేలితో చూపిన ఉత్తరము.

ఇక వారి అసలు చిక్కు. ప్రాణులలో పుట్టు చిన్నచిన్న భేదములు, కాలువనీరు పొలములకు పారినట్లు, మేలైన మార్గములలో నడపబడుచున్నవని గ్రే తలంచెను. కాలువ క్రింద సేద్యముచేయువారికి ఈ పోలిక విప్పిచెప్పనక్కరలేదు. నీటికి తన దారి తెలియదు. తూము ఎత్తినవాడు, బోదె త్రవ్వినవాడు ఎగువనెక్కడనో ఉన్నాడు. మడిలో నిలిచి చూచువానికి నీరుగంటి కనబడడు, అయినను ఉన్నాడని ఎరుగును.

డార్విన్ 1868లో పెంపుడు జంతువులను, మొక్కలను గూర్చి రచించిన మహాగ్రంథపు తుదిలో, గ్రే పేరెత్తి, అతని పోలికను చెప్పి, దీనికి బదులిచ్చెను. కొండచరియనుండి రాలిన రాళ్లతో ఒకడు ఇల్లు కట్టెననుకొనుడు. కోసుగానున్న రాళ్లను కమానులకు, పొడవైనవానిని ద్వారబంధముల మీదికి, పలకలవంటివానిని కప్పునకు ఏరుకొనెను. ఆ రాళ్లు అట్లు పగులుటకు ప్రకృతినియమములే కారణము. కట్టువానికొరకే ఈశ్వరుడు వానిని ఆ రూపమున పగులగొట్టెనని చెప్పవచ్చునా? మెడ పొంగించు పావురము, విసనకఱ్ఱ తోక పావురము వేడుకకాండ్రకొరకే సంకల్పింపబడినవా? ఇట్లడిగి, ఎంత ఇష్టమున్నను గ్రే వెంట నడువలేకున్నానని వ్రాసి, సర్వజ్ఞుడున్నచో సర్వమును ముందే నిర్ణయించియుండవలెను గదాయను రెండవ ప్రక్కను సైతము చూపి, ఇది విధికిని స్వేచ్ఛకును గల చిక్కువంటిదే, విడదని గ్రంథము ముగించెను. దైవము, పురుషకారము అని ఈ దేశపు పండితులు తలలు బ్రద్దలు కొట్టుకొన్నది ఈ తావుననే.

గ్రే బదులు అంతకంటె సొగసైనది. ఆ ఏడే మే నెలలో వ్రాసిన ఉత్తరమున, రాతియింటి వాదపు సారమునకు తనవద్ద సమాధానము లేదనియు, సంకల్పమను భావము కడకు విశ్వాసముపైననే చాలవరకు నిలువవలెననియు ఒప్పుకొనెను. వాదపు కూర్పులో ఒక బలహీనమైన చోటు వెదకి, చిన్న తుపాకి పేల్చి, ఆ పొగచాటున పారిపోయితినని తనపై తానే నవ్వుకొనెను. ఓడినచోట ఓడితినని, నమ్మినచోట నమ్ముచున్నానని చెప్పి, రెంటిని కలగాపులగము చేయలేదు. ఆ శరత్తుననే గ్రే దంపతులు డౌన్ గ్రామములోని డార్విన్ ఇంట అతిథులైరి.

డార్విన్ 1877లో, ఒకే జాతి మొక్కలలో పూలు వేరువేరు రూపములతో నుండుటను గూర్చి గ్రంథము రచించి, దానిని ఏసా గ్రేకు అంకితము చేసెను. మూడేండ్లకు, 1880లో, గ్రే యేల్ విశ్వవిద్యాలయమున పాదరులు కాబోవు విద్యార్థులకు రెండు ఉపన్యాసములిచ్చెను. జాతులు మారుచు వచ్చినవని శాస్త్రజ్ఞుడుగ అంగీకరించుచు, సృష్టికర్తను విశ్వాసిగ నమ్ముచు, అప్పటికి డెబ్బదవ యేట నున్న ఆ వృద్ధుడు వారియెదుట నిలిచెను.