ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా: సర్కారు సొమ్ము, మన సొమ్ము



రంజాన్‌లో రసీదు పుస్తకం పట్టుకుని మీ ఇళ్లకు వచ్చినప్పుడు చాలామంది ఒకే మాట అడుగుతున్నారు: ‘సర్కారు బడి ఉంది, పుస్తకాలు ఉచితం, అన్నం ఉచితం. ఇంక మా డబ్బు దేనికి?’ న్యాయమైన ప్రశ్న. సొసైటీ జమాఖర్చులు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఇవాళ సర్కారు లెక్క చెప్పుకుందాం.

పిల్లల చదువు సర్కారు బాధ్యత అన్నమాట కొత్తది కాదు. 1911లో గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెడితే మరుసటి ఏడాది ఇంపీరియల్ శాసన మండలి దాన్ని తోసిపుచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో, అంటే 1960 నాటికి, ఉచిత విద్య అందించే ప్రయత్నం చేయాలని మన రాజ్యాంగం చెప్పింది. అది హక్కుగా అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. యాభై ఏళ్ల ఆలస్యం! జాతీయాదాయంలో ఆరు శాతం చదువుకు పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. ఆ గీతను దేశం ఇప్పటికీ అందుకోలేదు. 2004లో మీరు కట్టే ఆదాయపు పన్ను మీద రెండు శాతం సెస్సు ప్రాథమిక విద్య పేరు మీదే మొదలైంది. కాబట్టి సర్కారు బడికి మీరు ఇదివరకే దాతలు.

మన రాష్ట్రం సంగతి. 2014-15 తొలి బడ్జెట్‌లో వంద రూపాయలకు దాదాపు 11 రూపాయలు చదువుకు కేటాయించారు. 2025-26లో రూ. 3,04,965 కోట్ల బడ్జెట్‌లో విద్యాశాఖకు రూ. 23,108 కోట్లు. అంటే వందకు ఏడున్నర. రూపాయలు రెట్టింపయ్యాయి, వాటా తగ్గింది. ఇందులో యూనివర్సిటీల దాకా అన్నీ ఉన్నాయి, చిన్న తరగతులవే కావు. బడుల మీద పెట్టేదాంట్లో పెద్ద భాగం జీతాలకే పోతుంది. జీతాలు దండగ అనడం లేదు, టీచరు లేనిది బడే కాదు. కానీ జీతాలు పోగా బడి చేతికి వచ్చేదెంతో చూడండి. 120 మంది పిల్లలున్న బడికి ఏడాదికి నిర్వహణ గ్రాంటు యాభై వేలు. కరెంటు, చాక్‌పీసులు, మరమ్మతులు, శుభ్రత అన్నీ అందులోనే. పిల్లకు రోజుకు రెండు రూపాయలు కూడా పడదు. మధ్యాహ్న భోజనానికి బియ్యం కాక పప్పు, కూరగాయలు, నూనె, గ్యాసు కలిపి ప్రాథమిక తరగతుల పిల్లకు 2025 మే నుంచి ఇచ్చే రేటు రూ. 6.78. మనం ఉప్పల్ చౌరస్తాలో తాగే చాయ్ ఎంతో అందరికీ తెలుసు.

మైనారిటీ గురుకులాలు వచ్చాయి కదా అంటారు. అల్‌హమ్దులిల్లాహ్, మంచి పని. 2016లో మొదలై 204 బడులయ్యాయి. వాటి ఖర్చు మైనారిటీ సంక్షేమ శాఖది, పైన చెప్పిన లెక్కలో లేదు. కానీ గురుకులంలో చేరేది ఐదో తరగతిలో. అప్పటిదాకా పిల్లవాడు ఎక్కడ చదవాలి? పేదింటివాడైతే బస్తీ పక్కనున్న సర్కారు బడిలోనే. అక్కడ చదవడం, రాయడం రాకపోతే ఐదో తరగతి సీటు దొరికినా నిలబడలేడు. పైగా ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు కేంద్రం ఏడాదికి ఇచ్చే వెయ్యి రూపాయల మైనారిటీ స్కాలర్‌షిప్ కూడా 2022లో ఆగిపోయింది. ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమే కదా అన్నారు. అప్పుడు దాన్ని తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ మానేయడానికి బీజం పడేది ఈ చిన్న తరగతుల్లోనే.

మన అన్నోజిగూడ సంగతే చూడండి. ఒక పక్క పోచారం ఐటీ క్యాంపస్, మధ్యలో వరంగల్ హైవే. ఆటో నడిపేవాళ్లు, మెకానిక్కులు, ఇళ్లలో పనిచేసే తల్లులు ఇటు కాపురాలు పెట్టారు. ఏడేళ్ల పిల్ల ఒక్కతే హైవే దాటి బడికి వెళ్లలేదు. ఆటోకు డబ్బు లేదు. ఉచిత విద్య ఆ రోడ్డు దగ్గరే ఆగిపోతుంది.

అందుకే ఈ ఏడాది సొసైటీ ఒక నిర్ణయం తీసుకుంది. ప్రైవేటు స్కూలు ఫీజులకు ఇచ్చే దాంట్లో సగం తీసి సర్కారు బడిలో ఒకటి నుంచి నాలుగు చదివే పిల్లలకు పెడుతున్నాం. దీని మీద కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. ఇంగ్లీషు మీడియం ఆశ మీద నీళ్లు చల్లుతున్నామన్నారు కొందరు. కాదనలేం. అయితే ఒక పిల్ల ప్రైవేటు ఫీజుతో ఎంతమంది పిల్లలకు ఆటో, సాయంత్రం ట్యూషను ఇవ్వవచ్చో లెక్క వేసి చూశాక ఒప్పుకున్నారు. జకాత్ సొమ్ము హక్కుదారులైన కుటుంబాల చేతికే వెళ్తుంది, ఆటో ఖర్చుకూ చెప్పులకూ. ట్యూషను టీచరు జీతం, బల్లలు, ఫ్యాను సదఖా పద్దులోంచి. రెండూ కలపం.

ఇంకొక మాట. సర్కారు చేయాల్సింది మనం చేస్తూ పోతే సర్కారు చేతులు దులుపుకుంటుందని ఒక పెద్దాయన హెచ్చరించారు. నిజమే. అందుకే బడి గోడలకు, మరుగుదొడ్లకు మేం ఇవ్వం. అవి అడగాల్సిన చోట అడుగుదాం. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో పిల్లల తల్లులకు చోటుంది. మన ఇళ్ల నుంచి ఎంతమంది వెళ్తున్నారు?

దరఖాస్తు ఫారం కూడా మారింది. ఫీజు రసీదు అడిగే గడి ఉన్నచోట ఇప్పుడు ‘బడికి ఎలా వెళ్తుంది? ఎవరు తీసుకెళ్తారు?’ అని ఉంటుంది. ఫారాలు హాలు వెనక బల్ల మీద ఉన్నాయి. మీ గల్లీలో తెలిసిన పిల్ల ఉంటే ఒకటి తీసుకెళ్లండి.