వైరుకు ఒక చట్టం, ఆడమనిషికి ఇంకో చట్టం

(కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక అక్క చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



నిన్న రాత్రి ఇక్కడికి చేరేసరికి నా ఫోనులో చార్జింగు అయిపోయింది. ఈ గది గోడకు ఒక మేకు ఉంది చూశారా, దానికి ఆరు చార్జరు వైర్లు వేలాడుతున్నాయి. ఒకటి గుండు పిన్నుది, ఒకటి పలక మూతిది, ఒకటి అసలు దేనిదో ఎవరికీ తెలియదు. ఆరిట్లో ఒక్కటీ నా ఫోనుకు పట్టలేదు. చివరికి ఒక తమ్ముడు వాళ్ళ మేనమామ ఇంటికి పోయి తెచ్చిచ్చాడు. ఫోను ఎక్కేదాకా ఏం తోచక, ప్రైవేటు కంపెనీల్లో మన వాటా గురించి మనం ఇవ్వబోయే డిమాండు పత్రం చిత్తుప్రతి తీసి చదివాను. బాగానే రాశారు. కానీ మూడో పేరాలో ఒక వాక్యం కాడ ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెప్తా. ముందు ఆ మేకు సంగతి.

యూరప్‌లో 27 దేశాలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. యూరోపియన్ యూనియన్ అంటారు. వాళ్ళకొక పార్లమెంటు, ఆ దేశాల మంత్రులు కూర్చునే ఒక మండలి, చట్టాల ముసాయిదాలు తయారుచేసే ఒక కమిషన్ ఉన్నాయి. 2009 నాటికి అక్కడి ఇళ్ళలో కూడా మన మేకు కథే. 30 రకాలకు పైగా చార్జర్లు. కంపెనీ మారితే వైరు మారేది. ఒక్కోసారి అదే కంపెనీ కొత్త ఫోను తెస్తే పాత వైరు పనికిరాకుండా పోయేది. కొనుక్కునేవాడికి దండగ, అమ్ముకునేవాడికి పండగ.

కమిషన్ వాళ్ళు ఆ ఏడాది పెద్ద కంపెనీలను పిలిచి, 'బాబూ, అందరూ ఒకటే మూతి పెట్టండి' అని మర్యాదగా అడిగారు. కంపెనీలు కూడా మర్యాదగానే ఒప్పుకుని ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చట్టం కాదు, స్వచ్ఛంద ఒప్పందం. స్వచ్ఛందం అంటే మనసుంటే చేస్తారు, లేకుంటే లేదు. కొంత ఫలితం రాలేదని అనను. ముప్పై రకాలు మూడుకు వచ్చాయి. కానీ ఆ మూడు కాడే బండి ఆగింది. ఎందుకంటే ఒప్పందంలో ఒక కన్నం ఉంది. ఫోనుకు వేరే మూతి ఉన్నా సరే, మధ్యలో తగిలించే ముక్క ఒకటి ఇస్తే చాలన్నారు. యాపిల్ కంపెనీ ఆ కన్నంలోంచే నడిచింది. తన ఫోనుకు తన మూతే ఉంచుకుంది. గడువు 2014లో తీరింది. తర్వాత 2018లో కంపెనీలు ఇంకో హామీ పత్రం పట్టుకొచ్చాయి. అదీ అంతే.

పదేళ్ళు చూసి చూసి 2020 జనవరిలో అక్కడి పార్లమెంటు 582 ఓట్లతో తీర్మానం చేసింది, ఇక చట్టమే కావాలని. వ్యతిరేకంగా 40 పడ్డాయి. 2021 సెప్టెంబరులో ముసాయిదా వచ్చింది. యాపిల్ వాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఒకటే మూతి అని చట్టం చేస్తే కొత్తవి కనిపెట్టడం ఆగిపోతుందట. ఈ మాట గుర్తు పెట్టుకోండి. వాటా అడిగిన ప్రతిసారీ 'ప్రతిభ ఏమైపోవాలి' అంటారే, ఇది దానికి తోబుట్టువు.

2022 అక్టోబరు 4న పార్లమెంటు ఆ చట్టాన్ని ఆమోదించింది. అనుకూలం 602, వ్యతిరేకం 13. 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు, చెవుల్లో పెట్టుకునేవి, చేతిలో పట్టుకుని ఆడుకునే ఆటపెట్టెలు, చిన్న స్పీకర్లు, ఇట్లాంటివన్నీ 'టైప్ సి' మూతితోనే ఉండాలి. అదే, ఎటు తిప్పి పెట్టినా దూరే కోడిగుడ్డు ఆకారపు మూతి. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 తేదీ పెట్టారు. ఇంకొకటి, చార్జరు వద్దనుకునేవాడికి చార్జరు లేకుండానే అమ్మాలి. అప్పుడు ధర తగ్గించి తీరాలని మాత్రం రాయలేదు, అక్కడ కొంచెం తెలివిగా వదిలేశారు.

దీనివల్ల ఏంటి లాభం అంటారా? వాళ్ళ లెక్క ప్రకారం పారేసినవీ వాడకుండా పడేసినవీ చార్జర్ల చెత్తే ఏటా 11,000 టన్నులు. చెత్త ఎవరి చేతుల్లోకి వస్తుందో, రాగి తీగ కోసం ప్లాస్టిక్కు కాల్చి ఆ పొగ పీల్చేది ఏ పిల్లలో, ఈ సభలో నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు ముచ్చట. చట్టం రాగానే యాపిల్ ఏం చేసింది? యూరప్ వదిలి వెళ్ళిపోయిందా? కొత్తవి కనిపెట్టడం మానేసిందా? 2023 సెప్టెంబరులో, గడువుకు ఏడాది ముందే, టైప్ సి మూతితో ఐఫోన్ 15 తెచ్చింది. యూరప్‌లో ఒక రకం, మిగతా ప్రపంచానికి ఒక రకం చెయ్యడం వాళ్ళకే ఖర్చు గనక హైదరాబాదు దుకాణంలో అమ్మేదానికీ అదే మూతి వచ్చింది. పదేళ్ళు బతిమాలినా జరగనిది, తేదీ పెట్టి 'ఇట్లా లేకుంటే నీ సరుకు మా బజారులో అమ్మడానికి లేదు' అనేసరికి జరిగింది.

'అక్కా, ఉద్యమ సభలో వైర్ల గురించి ఇంతసేపా' అని వెనక ఎవరో గొణుగుతున్నారు. వస్తున్నా తమ్ముడూ.

ఆ చార్జరు చట్టం మీద సంతకాలు పడ్డది 2022 నవంబరు 23. దాని నంబరు 2380. అదే రోజు ఇంకో చట్టం మీద కూడా సంతకాలు పడ్డాయి. దాని నంబరు 2381. అది ఆడవాళ్ళ గురించి. షేరు మార్కెట్లో ఉన్న పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల్లో ఆడవాళ్ళకు చోటు గురించి. ఒకదాని పక్కన ఒకటి, అక్కాచెల్లెళ్ళ లాంటి నంబర్లు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే మనకు చాలా అర్థమవుతుంది.

ఇక్కడా మొదలు అదే కథ. 2011 మార్చిలో వివియన్ రెడింగ్ అనే ఆమె, లక్సెంబర్గ్ దేశస్తురాలు, కమిషన్‌లో న్యాయశాఖ చూసేది, కంపెనీలను ఒక ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టమంది. బోర్డుల్లో ఆడవాళ్ళను 2015కు నూటికి 30, 2020కి నూటికి 40 చేస్తామని. ఏడాది గడువిచ్చింది. యూరప్ మొత్తం మీద ఎన్ని కంపెనీలు సంతకం పెట్టాయనుకుంటున్నారు? 24. లక్షల కోట్ల వ్యాపారం చేసే ఖండంలో ఇరవై నాలుగంటే ఇరవై నాలుగు. కోటాలంటే తనకు ఇష్టం లేదు గానీ కోటాలు తెచ్చే ఫలితాలంటే ఇష్టం అనేది ఆమె. 2012 నవంబరులో ముసాయిదా తెచ్చింది. 2013లో పార్లమెంటు సరే అంది. తర్వాత మంత్రుల మండలిలో ఆ కాగితం తొమ్మిదేళ్ళు దుమ్ము పట్టింది. జర్మనీ, బ్రిటన్ లాంటి పెద్ద దేశాలే అడ్డం. బ్రిటన్ కూటమి వదిలి పోయింది, జర్మనీలో ప్రభుత్వం మారింది, అప్పుడు గానీ కదల్లేదు.

వైరుకు ముసాయిదా నుంచి చట్టానికి పట్టింది పద్నాలుగు నెలలు. ఆడమనిషికి పట్టింది పదేళ్ళు.

పోనీ, ఆలస్యమైనా గట్టి చట్టం వచ్చిందా? చూద్దాం. 2026 జూన్ 30 నాటికి, కంపెనీ రోజువారీ పనిలో లేకుండా పైనుంచి అజమాయిషీ చేసే డైరెక్టర్లలో నూటికి 40 మంది, లేదా మొత్తం డైరెక్టర్లలో నూటికి 33 మంది, తక్కువగా ఉన్న జెండరు వాళ్ళు ఉండాలి. అంటే ఇప్పటి లెక్కలో ఆడవాళ్ళు. బాగుంది. కానీ అందుకోకపోతే? ఎందుకు అందుకోలేదో, ఏం చెయ్యబోతున్నారో రాసి ఇవ్వాలి. జరిమానాయో, నియామకం రద్దో, ఏం శిక్ష వెయ్యాలో ఏ దేశానికి ఆ దేశం చూసుకోవాలి. 250 మంది కంటే తక్కువ పనిచేసే చిన్న కంపెనీలకు ఇది వర్తించదు. పైగా ఇద్దరు అభ్యర్థులు అర్హతల్లో సరిసమానంగా ఉన్నప్పుడు మాత్రమే ఆమెకు ముందు చోటు. ఈ సరిసమానం అనేది ఎవరు తూస్తారు? తక్కెడ పట్టుకున్నవాడే. వైరు విషయంలో ఎవరైనా 'రెండు మూతులూ సమానంగా బాగుంటే టైప్ సి పెట్టండి, పెట్టకపోతే కారణం రాసి పంపండి' అన్నారా? అనలేదు. సరుకు అమ్మనివ్వం అన్నారు.

అయినా ఇందులో పనికొచ్చేది ఒకటుంది, న్యాయం చెయ్యాలంటే అదీ చెప్పాలి. ఎంపిక కాని ఆమె, తనను ఏ కొలతలతో తూచారో చెప్పమని అడగవచ్చు, కంపెనీ చెప్పి తీరాలి. ఆమె కోర్టుకు పోయి, నాకు ఆయనతో సమానంగా అర్హతలున్నాయి అని చూపిస్తే చాలు. తప్పు చెయ్యలేదని రుజువు చేసుకోవాల్సిన భారం కంపెనీది. ఆమెది కాదు. అన్యాయం జరిగినవాళ్ళ మీదే రుజువు భారం మోపే కేసులు మనం ఎన్ని చూశాం! అందుకే ఈ సంగతిని రెండుసార్లు గీత గీసి చదివాను.

గట్టి చట్టం చెయ్యడం రాక ఇట్లా చేశారా అంటే కాదు. పక్కనే నార్వే ఉంది. అది ఆ కూటమిలో లేదు. 2002లో అక్కడి పెద్ద కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్ళు నూటికి ఆరుగురో ఎంతో. 2003లో నూటికి 40 ఉండాలని చట్టం చేశారు. కానీ మీ అంతట మీరే 2005 నాటికి చేస్తే చట్టం అమలులోకి తీసుకురాం అన్నారు. 2005లో లెక్క పెడితే నూటికి 25 దగ్గరే ఉంది. సరేనని 2006 జనవరి నుంచి అమలు పెట్టి, రెండేళ్ళ గడువిచ్చి, అప్పటికీ చెయ్యకపోతే కంపెనీనే రద్దు చేస్తామన్నారు. జరిమానా కాదు, రద్దు. 2008 కల్లా నలభై వచ్చేసింది. ఒక్క కంపెనీని రద్దు చేయాల్సిన పని పడలేదు. కొన్ని కంపెనీలు తప్పించుకోవడానికి తమ రిజిస్ట్రేషన్ రకమే మార్చుకున్నాయి, అది వేరే సంగతి. ఫ్రాన్సు కూడా 2011లో చట్టం చేసి, లెక్క తప్పితే ఆ నియామకం చెల్లదు, డైరెక్టర్లకిచ్చే ఫీజు ఆపేస్తాం అంది.

తేడా అంకెల్లో కనపడుతుంది. 2024లో యూరోపియన్ యూనియన్‌లో తప్పనిసరి కోటా ఉన్న దేశాల బోర్డుల్లో ఆడవాళ్ళు నూటికి 39.6. ఏ చర్యా తీసుకోని దేశాల్లో 17. ఒకే ఖండం, దాదాపు ఒకే రకం చదువులు. ఒకచోట ప్రతిభ పుట్టి ఇంకోచోట పుట్టలేదా?

నార్వేలో జరిగిన ఇంకో సంగతి దాచకూడదు. కొద్దిమంది ఆడవాళ్ళే చాలా బోర్డుల్లో కూర్చున్నారు. వాళ్ళకు అక్కడ 'బంగారు లంగాలు' అని వెక్కిరింపు పేరు కూడా పెట్టారు. కంపెనీని నడిపే పెద్ద కుర్చీల్లో మాత్రం మగవాళ్ళే మిగిలారు. బోర్డులో డైరెక్టరు కూర్చుంటే ఆఫీసు ఊడ్చే ఆమె జీతం పెరగలేదు. కాబట్టి ఈ చట్టాలు చూసి పొంగిపోనక్కర్లేదు. వాటా ఆడవాళ్ళకు అన్నప్పుడు, ఏ ఆడవాళ్ళకు అని అడిగే హక్కు మనకుంది.

మన దేశం కాడికి వస్తే ఆ ప్రశ్న ఇంకా సూటిగా తగుల్తుంది. 2013 కంపెనీల చట్టంలో షేరు మార్కెట్లో ఉన్న కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక ఆడమనిషి ఉండాలని రాశారు. నూటికి ఇంత అని కాదు, ఒకరు. గడువు దగ్గరపడేసరికి ఏం జరిగింది? చాలా కంపెనీల్లో యజమాని భార్యో, కూతురో, కోడలో డైరెక్టరు అయింది. మన పంచాయతీల్లో భార్య సర్పంచి, కుర్చీలో భర్త. అదే నాటకం కోట్ల రూపాయల గదిలో ఆడారు. తర్వాత సెబీ వాళ్ళు కళ్ళు తెరిచి, యజమాని కుటుంబానికి చెందని స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండాలని, ముందు పై 500 కంపెనీలకు 2019 ఏప్రిల్ నుంచి, పై 1000 కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టారు.

మరి కులం? 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక పరిశోధన వచ్చింది. దేశంలోని పెద్ద 1000 కంపెనీల బోర్డుల్లో 2010లో ఉన్నవాళ్ళ కులాలు లెక్కగట్టారు. నూటికి 92 మందికి పైగా అగ్రకులాలు. బీసీలు 3.8. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5. వాటాల గురించి అంత ఘనమైన చట్టాలు చేసిన దేశంలో, ఆ గది తలుపు మీద మాత్రం ఏ చట్టమూ రాయలేదు. 2004లో కేంద్రంలో వచ్చిన ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల గురించి మాట్లాడతామని తన కార్యక్రమంలో రాసుకుంది. వ్యాపారస్తుల సంఘాలు ఏమన్నాయి? చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తాం అన్నాయి. చట్టం రాలేదు.

ఇప్పుడు ఆ చిత్తుప్రతి తియ్యండి. మూడో పేరా, రెండో వాక్యం. 'ప్రైవేటు యాజమాన్యాలు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి దళితులకు, దళిత మహిళలకు తగిన ప్రాతినిధ్యం కల్పించాలని విజ్ఞప్తి చేస్తున్నాం.' ఎవరు రాశారో నేను అడగను. టీ వస్తోంది. తాగి వచ్చి ముందు ఆ వాక్యం కొట్టేద్దాం. ఎంత వాటా, ఏ తేదీకి, ఇవ్వకపోతే ఏమవుతుంది, ఆ మూడూ అంకెలతో ఎట్లా రాయాలో కూర్చుని తేల్చుకుందాం. అందులో ఆడవాళ్ళ లెక్క ఎంతో మాత్రం ఈ గదిలో ఉన్న ఆడవాళ్ళే చెప్పాలి.