చిన్న అచ్చుకూటము - లాభసాటి పనులు

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు - ఈ పట్టణములలో ఏ బజారునకు పోయినను ఒకటి రెండు చిన్న అచ్చుకూటములు కనబడును. ఒక యంత్రము, ఒక కంప్యూటరు, గోడకు వ్రేలాడు శుభలేఖల నమూనాలు, ఒకరిద్దరు పనివారు - ఇంతియే వాని సంపద. ఇట్టి కొట్టు పెద్ద ముద్రణాలయముల పోటీకి తట్టుకొని ఎట్లు నిలుచును? ఏ పనిలో దానికి నాలుగు డబ్బులు మిగులును? ఈ విషయమును నేడు విచారింతము.

మొదట ముద్రణలోని లెక్క తెలియవలెను. ఆఫ్‌సెట్ పద్ధతిలో ప్రతి పనికిని ప్లేటు చేయవలెను. రంగు కుదురువరకు కొంత కాగితము వృథా యగును. ఈ ఖర్చు నూరు ప్రతులకైనను, పదివేల ప్రతులకైనను ఇంచుమించు ఒక్కటే. అది 1,000 రూపాయలనుకొందము. పదివేల ప్రతులకు పంచినచో ప్రతికి 10 పైసలు. నూరు ప్రతులకు పంచినచో ప్రతికి 10 రూపాయలు. కనుకనే కాలెండర్లవంటి పెద్ద పనులు శివకాశికి పోవుచున్నవి. ఆ ధరతో పోటీపడబోవు చిన్న వ్యాపారి చేతి సొమ్ము పోగొట్టుకొనును.

డిజిటల్ యంత్రమునకు ప్లేటుతో పని లేదు. మొదటి ప్రతికి ఎంతయో నూరవ ప్రతికిని దాదాపు అంతే. ఒక్కొక్క కాగితముపై ఒక్కొక్క పేరు వేయవచ్చును. కొద్ది ప్రతులు, దగ్గరి గడువు, తప్పరాని పేరు - ఈ మూడును కలిసిన చోటనే చిన్న అచ్చుకూటమునకు బలమున్నదని మా అభిప్రాయము.

మన ప్రాంతమున అట్టి పనులేవి? ఇచ్చట శుభకార్యములు పంచాంగమును, పంటను రెంటిని చూచి నడచును. పత్తి తీత చలికాలమున సాగును. మిరపకాయలు జనవరి మొదలు వేసవి వరకు గుంటూరు యార్డునకు టిక్కీలలో వచ్చి పడును. డబ్బు చేతికి వచ్చిన పిదప మాఘ ఫాల్గుణములలోను, వైశాఖ జ్యేష్ఠములలోను పెండ్లిండ్లు. ఆషాఢమున, మూఢమిలో ముహూర్తములుండవు. శుభలేఖలనే నమ్ముకొన్నవాని యంత్రము ఆ దినములలో ఊరకుండును. పైగా ఇప్పుడు ఆహ్వానములు పెక్కు ఫోనులోనే పోవుచున్నవి. అయినను పసుపు కుంకుమలు పెట్టి పెద్దల చేతికీయవలసిన పత్రికను ఫోను తీర్చలేదు. వేయి కార్డులు వేయించు కుటుంబము నేడు నూరే వేయించినను, ఆ నూరును మేలైనవి కోరును. కవరుపై పిలువబడువారి పేర్లు, తాంబూలపు సంచిపై వధూవరుల పేర్లు, ఓణీల వేడుకకు, పంచెల వేడుకకు, గృహప్రవేశమునకు వేరు వేరు కార్డులు - ఇవి శివకాశి నుండి నాలుగు దినములలో వచ్చునవి కావు.

ఋతువుతో సంబంధము లేని పని మరియొకటి కలదు. అది పెద్దకర్మ పత్రిక. దానికి రెండు మూడు దినముల కంటె వ్యవధి యుండదు. ఇంటివారు దుఃఖములో నుందురు. ఎవరో మేనల్లుడో, పొరుగువాడో చీటీ వ్రాసి తెచ్చును. ఆ పత్రికలో ఒక కోడలి పేరు జారిపోయినచో ఆ మాట ఏండ్ల తరబడి ఆ ఇంట నిలిచిపోవును. చీటీని ఆ ఇంటి పెద్దకు ఫోనులోనైనను చదివి వినిపించి, ప్రూఫుపై సమ్మతి తీసికొన్న పిదపనే అచ్చు వేయు వ్యాపారికి, ఆ వంశమువారి పనులన్నియు తరువాత వచ్చును. ఇచ్చట అమ్ముడుపోవునది కాగితము కాదు, నమ్మకము.

మూడవది పొట్లములపై చీటీల పని. గుంటూరు సన్నము మిరపకు భౌగోళిక గుర్తింపు కలదు. కారము, గోంగూర పచ్చడి, ఆవకాయ తయారుచేసి అమ్ము గృహిణులును, మహిళా సంఘములును పల్లెలలో నున్నారు. వారికి కావలసినవి రెండువందలో, మూడువందలో చీటీలు. పెద్ద ముద్రణాలయము అంత కొద్ది పనిని ముట్టదు. ఐతే చీటీపై రంగుల బొమ్మ చాలదు. తూనికలు కొలతల చట్టము క్రింద 2011లో వచ్చిన నియమముల ప్రకారము తయారీదారు పేరు, చిరునామా, నికర తూకము, నెల, సంవత్సరము, గరిష్ఠ ధర ఉండవలెను. ఆహార భద్రతా సంస్థ ఇచ్చు 14 అంకెల సంఖ్య, దినుసుల పట్టిక, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ గుర్తు కూడ ఉండవలెను. ఈ నియమములు నేర్చి, లోపమున్నచో ముందే చెప్పగల ముద్రాపకుడు ఆ సంఘమునకు సలహాదారు డగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఇతరుల పేరుగల విత్తనపు సంచినో, పురుగుమందు చీటీనో తెచ్చి, "ఇట్టివే కావలెను, ఎంతైన ఇత్తుము" అను వారు రావచ్చును. ఆ లాభము చేపట్టరాదు. నకిలీ విత్తనము చల్లిన రైతునకు పోవునది సంచి వెల మాత్రమే కాదు. కౌలు, ఎరువు, ఒక ఏటి బ్రతుకు పోవును. ఆ సంచిని అచ్చు వేసినవానికి కూడ పాపములో పాలుండును, చట్టము ముందు బాధ్యతయు నుండును.

ఒక్క పనినే నమ్ముకొనుట ఎంత అపాయమో ఈ మధ్యనే చూచితిమి. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధింతుమని రాష్ట్రప్రభుత్వము ప్రకటింపగా, ఆ యంత్రములకై అప్పు చేసినవారు కలవరపడిరి. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోగా, కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయింపవలసివచ్చెను. అట్టి ఏట రైతు పెండ్లి ఖర్చు తగ్గించును. పంటపై తీర్చెదనన్న బాకీ మరుసటి ఏటికి పోవును. కాబట్టి కాగితపు వెలకు సరిపడు సొమ్మునైనను బయానాగా ముందు పుచ్చుకొనుట మంచిది. ఇది కాఠిన్యము కాదు. కొట్టు నిలిచియున్నగాని ఆ రైతునకే రేపు పని చేసిపెట్టలేము.

కడపట ఒక సులభమైన సాధన. ఒక పుస్తకములో ఏడాది పొడుగున ప్రతి పనికిని అయిన కాగితము, పట్టిన గంటలు, చెడిన ప్రతులు, డబ్బు వచ్చిన తేదీ వ్రాయవలెను. ఉగాదికి దానిని తిరుగవేసినచో, ఏ పనిలో సందడి మాత్రమే మిగిలినదో, ఏ పనిలో సొమ్ము మిగిలినదో ఎవరును చెప్పనక్కరలేకయే తెలియును. మిగులు చూపిన ఆ రెండు మూడు పనులను పట్టుకొని, వానిలో ఊరిలో తనకు సాటి లేరనిపించుకొనుటయే చిన్న అచ్చుకూటమునకు తగిన మార్గము.