నియమించిన కుర్చీ, ఎన్నుకున్న కుర్చీ

(తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల మిల్లు కార్మికుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి ఆడమనిషి నాయకత్వం వహిస్తే యాజమాన్యం లెక్కచేస్తుందా అని మన షిఫ్టుల్లో ఇంకా అడిగేవాళ్లున్నారు. అందుకే ఒక ప్రాంత ప్రభుత్వాన్నే నడిపిన మహిళ గురించి ఈవేళ చెప్పుకుందాం. ఆమె పార్టీతో మనకు పనిలేదు, ఆమె ప్రస్థానంలోని పాఠం మనకు కావాలి.

డాక్టర్ తమిళిసై సౌందరరాజన్ 1961లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. తండ్రి కుమరి అనంతన్ కాంగ్రెస్ నాయకుడు. కూతురు వైద్యురాలై, తండ్రి దారి కాదని భారతీయ జనతా పార్టీలో చేరారు. 2006, 2009, 2011, 2016, 2019 ఎన్నికల్లో నిలబడ్డారు, అన్నిటా ఓడారు. అయినా వెనకడుగు వేయలేదు. 2014 నుంచి 2019 వరకు తమిళనాడులో పార్టీ అధ్యక్షురాలిగా పనిచేశారు. 2019 సెప్టెంబరులో తెలంగాణకు తొలి మహిళా గవర్నర్ అయ్యారు.

2021 ఫిబ్రవరి 18న పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్‌గా అదనపు బాధ్యత తీసుకున్నారు. మన తెలుగువాళ్ల యానాం కూడా ఆ కేంద్రపాలిత ప్రాంతంలోదే. నాలుగు రోజులకే అక్కడి మంత్రివర్గం పడిపోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. మే 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసేదాకా పాలన ఆమె చేతిమీదుగానే సాగింది. ఆడవాళ్లకు చేతకాదన్న మాటకు ఇదొక్కటి చాలు జవాబు.

అయితే రెండో సంగతి కూడా గమనించాలి. చంద్రావతి, రాజేంద్రకుమారి బాజ్‌పాయ్, రజనీ రాయ్, కిరణ్ బేడీ, తమిళిసై - అక్కడ ఐదుగురు మహిళలు లెఫ్టినెంట్ గవర్నర్లయ్యారు. అందరినీ ఢిల్లీ నియమించింది. ప్రజలు ఎన్నుకునే ప్రభుత్వం 1963లో వచ్చింది. 2021 దాకా ఆ ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే! తమిళిసై కూడా 2024 మార్చిలో గవర్నర్ పదవులు వదులుకుని దక్షిణ చెన్నైలో ఓటు అడగడానికే వచ్చారు. ఓడినా సరే, ఓటుకున్న విలువ ఏమిటో అక్కడ తెలుస్తుంది.

మన మిల్లుల్లోనూ ఇదే తేడా ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి 2013 చట్టం ప్రకారం కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు కావాలి. మంచిదే. కానీ ఆ కమిటీని వేసేది యజమాని. యజమాని వేసిన మనిషి యజమానికి ఎదురు నిలవడం అంత సులువు కాదు. మనం ఎన్నుకున్న మనిషికి మన బలం వెనక ఉంటుంది.

పుదుచ్చేరి మిల్లు కార్మికులే దీనికి సాక్ష్యం. 1936 జూలై 30న కాల్పుల్లో 12 మంది నేలకొరిగారు. తర్వాత 8 గంటల పనిదినం దక్కింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, కార్మికులు కూడగట్టుకుని సాధించుకున్నది.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా! సంఘం కమిటీ ఎన్నికల్లో మీరే పేర్లు ఇవ్వండి. మీ బదులు మీ ఇంటాయనో, అన్నో వచ్చి కూర్చోవడానికి ఒప్పుకోకండి. ఒకసారి ఓడితే మళ్లీ నిలబడండి. అన్నలారా, తమ్ముళ్లారా! వాళ్లకు ఓటు వేయడం మీ వంతు. రాత్రి షిఫ్టుకు బండి, పసిపిల్లలకు పిల్లలగది, సమానమైన కూలి - ఈ డిమాండ్లను గేటు దగ్గర వాళ్ల నోటితోనే వినిపిద్దాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!