బర్మా తుపాకికి జీతం ఎవరిస్తున్నారు?

(బర్మా ప్రజాస్వామిక ఉద్యమానికి సంఘీభావంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బర్మా సైనిక పాలన మీద సభ అంటే ‘ఎక్కడి బర్మా, మనకెందుకు’ అని అడిగేవాళ్లున్నారు. ముందు వాళ్లకు జవాబు చెప్పి అసలు సంగతిలోకి పోదాం. పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. 1989లో సైనిక సర్కారు జనాన్ని అడగకుండానే దేశం పేరును మయన్మార్ అని మార్చింది. అందుకే అక్కడి ఉద్యమకారులు చాలామంది ఇప్పటికీ బర్మా అనే అంటారు. మనమూ అట్లాగే అందాం.

ఉత్తరాంధ్ర పెద్దలు రంగూన్‌ను రంగం అనేవాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మన కూలీలను బర్మావాళ్లు ‘కోరంగీ’లని పిలిచారు. పోనుపోను అది తిట్టయింది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మా కూలీలను పనిలో దించాయి. సమ్మె తెగగానే వాళ్లను వెళ్లగొట్టి మళ్లీ మనవాళ్లను పెట్టుకున్నాయి. కడుపు కాలిన కూలీలు కంపెనీ మీద కాకుండా తోటి కూలీల మీద పడ్డారు. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. 1942లో జపాన్ బాంబులు పడుతుంటే లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ గద్దెనెక్కి తర్వాత దుకాణాలన్నీ జాతీయం చేస్తే మిగిలినవాళ్లూ కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేటకు ఆ పేరు ఊరికే రాలేదు. కనుక బర్మా సైన్యం ఏం చేస్తుందో మన అవ్వాతాతలకు పత్రికలు చెప్పక ముందే తెలుసు.

ఇక అసలు సంగతి. ఒక దేశంలో తుపాకి రాజ్యమేలుతుంటే బయటున్నవాళ్లు చేసే ప్రచారోద్యమానికి ఏమైనా బలముందా? లేక అది మన తృప్తి కోసం చేసుకునే పనేనా? బర్మా విషయంలో ముప్పై ఏళ్లకు పైగా అనుభవం ఉంది గనుక దాన్నే తిరగేద్దాం.

1988 ఆగస్టు 8న, అంటే నాలుగు ఎనిమిదుల రోజున, రంగూన్ విద్యార్థులు మొదలుపెట్టిన సమ్మె దేశమంతా పాకింది. సైన్యం వేలమందిని చంపి సెప్టెంబర్ 18న అధికారాన్ని నేరుగా చేతికి తీసుకుంది. 1990 మేలో వాళ్లే ఎన్నికలు పెట్టారు. 485 స్థానాల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ 392 గెలిచింది. అధికారం మాత్రం అప్పజెప్పలేదు. ఓటుతో గెలిచి కూడా జైలుకు పోవాల్సి వచ్చిన జనం గొంతు ఎవరూ వినలేదు. ఆ కోపంతోనే 1990 నవంబర్‌లో ఇద్దరు బర్మా విద్యార్థులు బ్యాంకాక్ నుంచి రంగూన్ పోతున్న విమానాన్ని కలకత్తాకు మళ్లించారు. చేతిలో ఉన్నది ఉత్తుత్తి బాంబు. ఎవరికీ గాయం కాలేదు. వాళ్లడిగింది మా దేశం గురించి లోకానికి చెప్పనివ్వండి అనే. ఆ పని సరైందని మేము అనం. కానీ వారిలో ఒకరైన సో మింట్ తర్వాత 1998లో ఢిల్లీలోనే మిజ్జిమా వార్తా సంస్థను పెట్టారు. హైజాక్ కేసును మన కోర్టు 2003లో కొట్టేసింది. అప్పట్లో జార్జి ఫెర్నాండెజ్ ఢిల్లీలోని తన ఇంట్లోనే బర్మా విద్యార్థులకు చోటిచ్చారు. ఒక రాజకీయ నాయకుడు తన ఇంటిని శరణార్థులకు ఇచ్చిన కాలం కూడా ఈ దేశంలో ఉండింది మరి.

బయటి ప్రచారంలో రెండు పాయలున్నాయి. ఒకటి ఫోటో పాయ, రెండోది పైసల పాయ. సూకీకి 1991లో నోబెల్ వచ్చాక ఆమె ఫోటో లేని సభ లేదు, కరపత్రం లేదు. 1989 నుంచి 2010 దాకా 21 ఏళ్లలో దాదాపు 15 ఏళ్లు ఆమెను ఇంట్లోనే నిర్బంధించారన్నది నిజం. ఆ ధైర్యాన్ని తక్కువ చెయ్యం. కానీ ఉద్యమమంతా ఒక్క ముఖానికి తగిలించారు. 2015 ఎన్నికల్లో ఆమె పార్టీ గెలవగానే చాలా సంస్థలు పని అయిపోయిందని బ్యానర్లు మడిచిపెట్టాయి. 2017లో అదే సైన్యం అరకాన్‌లో రోహింగ్యాల ఊళ్లు తగలబెట్టి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు తరిమింది. 2019 డిసెంబర్‌లో సూకీ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో నిలబడి తన దేశం తరఫున, అంటే ఆచరణలో ఆ సైన్యం తరఫున వాదించారు. ఫోటో పట్టుకున్న చేతులు ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ఆమెనూ మళ్లీ అరెస్టు చేసింది. 33 ఏళ్ల శిక్షలు వేసి 2023లో 27 ఏళ్లకు తగ్గించింది. ఆ శిక్షలు బూటకమని మేము గట్టిగా అంటాం. హక్కులు మంచివాళ్లకే కాదు, మనకు నచ్చనివాళ్లకూ ఉంటాయి. ఈ మాట రోహింగ్యాల విషయంలో ఆమె అనలేదు. మనం ఆమె విషయంలో అందాం.

పైసల పాయ సంగతి వేరు. అక్కడ పని మెల్లగా సాగింది గానీ సైన్యానికి నొప్పి తగిలింది. 1990ల్లో అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు తమ మెస్సుల్లో పెప్సీ వద్దన్నారు. బర్మాలో వ్యాపారం చేస్తున్నందుకు. 1997లో పెప్సీ బర్మా నుంచి పూర్తిగా బయటపడింది. యాదానా గ్యాస్ పైప్‌లైన్ వేసేటప్పుడు కాపలా సైన్యం ఊరివాళ్ల చేత వెట్టి చేయించింది. బాధితులైన పల్లెజనం 1996లో యూనోకాల్ అనే చమురు కంపెనీ మీద అమెరికా కోర్టుకెక్కారు. పేర్లు బయటపడితే ఇంటి దగ్గరివాళ్లను బతకనియ్యరని మారుపేర్లతో కేసు వేశారు. 2005లో కంపెనీ వాళ్లకు పరిహారమిచ్చి రాజీ చేసుకుంది. అడవిలో పైప్‌లైన్ కింద నలిగినవాళ్లు అంత పెద్ద కంపెనీని బోనుదాకా తెచ్చారంటే అది మామూలు సంగతి కాదు.

2021 తర్వాత ఈ పని దేశం లోపలివాళ్లే మొదలుపెట్టారు. రాత్రి ఎనిమిది కాగానే ఇంటింటా గిన్నెలు మోగించారు. డాక్టర్లు, నర్సులు ముందు డ్యూటీ మానేశారు. వెనకే టీచర్లు, రైల్వే వాళ్లు, బ్యాంకు ఉద్యోగులు. ఇక్కడున్న ఉద్యోగ మిత్రులు ఈ ముక్క శ్రద్ధగా వినాలి. మార్చి 10న రంగూన్‌లో సమ్మె చేస్తున్న రైల్వే కార్మికుల క్వార్టర్ల మీద సైన్యం పడి, పిల్లాజెల్లాతో సహా బయటికి గెంటింది. మే నాటికి లక్షా 25 వేల మందికి పైగా బడి టీచర్లను సస్పెండ్ చేశారని అక్కడి ఉపాధ్యాయ సంఘం చెప్పింది. జీతం పోయినా జనం ఇంకో పని చేశారు. సైన్యం కంపెనీకి వాటా ఉన్న బీరు తాగడం మానేశారు, లాటరీ కొనడం మానేశారు, కరెంటు బిల్లు కట్టమన్నారు. ఆ బీరు కంపెనీలో భాగస్వామి అయిన జపాన్ కిరిన్ చివరికి తన వాటా వదులుకొని బయటికి పోయింది. 2022 జనవరిలో టోటల్, షెవ్రాన్ గ్యాస్ పని నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి. ఆ మరుసటి నెల యూరప్ దేశాల కూటమి బర్మా ప్రభుత్వ చమురు సంస్థ మీద ఆంక్షలు పెట్టింది.

ఇంతవరకు చప్పట్లు కొట్టొచ్చు. ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. 2007 సెప్టెంబర్‌లో బౌద్ధ భిక్షువులు చెప్పుల్లేని కాళ్లతో వీధుల్లో నడుస్తుంటే అదే వారంలో మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా బర్మా కొత్త రాజధానిలో గ్యాస్ ఒప్పందాల దగ్గర ఉన్నారు. అరకాన్ తీరం ష్వే గ్యాస్‌లో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు 17 శాతం, గెయిల్‌కు 8.5 శాతం వాటా పెట్టుకున్నారు. రెండూ ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలే. కృష్ణపట్నం, గంగవరం రేవులు చేతిలో ఉన్న అదానీ కంపెనీ రంగూన్‌లో సైన్యం కంపెనీ దగ్గర భూమి లీజుకు తీసుకొని రేవు కట్టబోయింది. హక్కుల సంఘాలు వెంటపడ్డాక 2023లో దాన్ని 3 కోట్ల డాలర్లకు అమ్ముకొని వచ్చింది. అదే ఏడు మే నెలలో ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ ఒక నివేదిక ఇచ్చారు. తిరుగుబాటు తర్వాత సైన్యం దిగుమతి చేసుకున్న ఆయుధాలు, వాటి సరంజామా విలువ 100 కోట్ల డాలర్లని, అందులో భారతదేశం నుంచి పోయింది 5 కోట్ల 10 లక్షల డాలర్ల సరుకని లెక్క చెప్పారు. భారత్ ఎలక్ట్రానిక్స్ పేరు అందులో ఉంది. ఆ సంస్థ యూనిట్లు హైదరాబాద్‌లోనూ మచిలీపట్నంలోనూ ఉన్నాయి. ఏ యూనిట్ ఏం పంపిందో మేము చెప్పడం లేదు. అడిగే హక్కు మనకుందని చెప్తున్నాం. ఆ నివేదికకు నెల ముందే, ఏప్రిల్ 11న, సగాయింగ్ ప్రాంతంలోని పజీజీ అనే ఊరిలో జనం గుమిగూడిన చోట సైన్యం విమానంతో బాంబులేసి 150 మందికి పైగా చంపింది.

మా విలేకరుల పని గురించి కూడా ఒక మాట. జైళ్ల నుంచి వచ్చినవాళ్లే 2000లో థాయ్‌లాండ్ సరిహద్దులో రాజకీయ ఖైదీల సహాయ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు చేసేది ఒక్కటే, పేర్లు రాయడం. ఎవరు, ఏ ఊరు, ఏ కేసు, ఏ జైలు. 2025 చివరికి వాళ్ల లెక్కలో చనిపోయినవాళ్లు ఏడు వేలు దాటారు, అరెస్టయినవాళ్లు 29 వేలు దాటారు. పేరు నమోదైన మనిషిని మాయం చెయ్యడం కొంచెమైనా కష్టమవుతుంది. అయినా 2022 జులైలో నలుగురిని ఉరితీశారు. వారిలో 88 తరం నాయకుడు కో జిమ్మీ ఒకరు, హిప్‌హాప్ పాటలు పాడి పార్లమెంటు సభ్యుడైన ఫ్యో జెయా థా ఇంకొకరు. 2007 సెప్టెంబర్ 27న రంగూన్ నడివీధిలో సైనికుడు కాల్చిన జపాన్ జర్నలిస్టు కెంజీ నగాయ్ కెమెరా అప్పుడే మాయమైంది. దాన్ని బర్మా విలేకరులు సంపాదించి, సరిహద్దు దాటించి, 2023లో ఆయన చెల్లెలి చేతిలో పెట్టారు. ఇట్లాంటి పనికి అవార్డులు రావు.

సరిహద్దు ఇవతల సంగతి. 2021 మార్చిలో కేంద్ర హోం శాఖ, బర్మా నుంచి వచ్చేవాళ్లను ఆపండి అని ఈశాన్య రాష్ట్రాలకు రాసింది. మణిపూర్ సర్కారు అన్నం, నీడ ఇవ్వొద్దని ఉత్తర్వు ఇచ్చి మూడు రోజుల్లో సిగ్గుపడి వెనక్కి తీసుకుంది. మిజోరం ముఖ్యమంత్రి జోరంథంగా మాత్రం వాళ్లు మా రక్తబంధువులు, తరమలేం అని ప్రధానికే రాశారు. ముప్పై వేల మందికి పైగా చిన్ ప్రజలను ఆ చిన్న రాష్ట్రం మోసింది. మన హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో వేలమంది రోహింగ్యాలున్నారు. అదే బర్మా, అదే సైన్యం, కానీ వాళ్ల మతం చూసి మన నోరు మూతపడుతుంది. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకమే పెట్టలేదు కనుక ఎవరిని ఉంచాలి, ఎవరిని తరమాలి అనేది సర్కారు దయ మీదే నడుస్తున్నది.

2025 ఆగస్టు 31న సైనిక నేత మిన్ ఆంగ్ హ్లయింగ్ చైనాలోని తియాంజిన్‌లో మన ప్రధానిని కలిశాడు. ఆ జులైలోనే ఎన్నికలను విమర్శిస్తే మూడు నుంచి పదేళ్లు జైలనే చట్టం తెచ్చి, డిసెంబర్ 28న ఎన్నికల తంతు మొదలుపెట్టాడు. సూకీ పార్టీని 2023లోనే రద్దు చేశారు. పోటీ లేని ఆటకు రెఫరీ ఎందుకో మనకు తెలియదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. సభ బయట బల్ల మీద పార్లమెంటు సభ్యులకు రాసిన ఉత్తరాలున్నాయి. ష్వే గ్యాస్ మీద 2021 నుంచి బర్మా ప్రభుత్వ సంస్థకు ఎంత చెల్లించారు, భారత్ ఎలక్ట్రానిక్స్ ఏ సరుకు పంపింది, బాలాపూర్‌లో ఉన్నవాళ్లను వెనక్కి పంపబోమని రాతపూర్వకంగా చెప్తారా అని అడుగుతూ రాసినవి. మీ నియోజకవర్గం చూసుకొని సంతకం చెయ్యండి. విద్యార్థి మిత్రులు సమాచార హక్కు దరఖాస్తులు కూడా రాస్తామన్నారు, ఫారాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. జవాబు వస్తే పత్రికలో వేస్తాం. రాకపోతే రాలేదనీ వేస్తాం.